పళ్ళ మీద పాచి ఎలా కడుతుంది?

మన తెలుగులో ‘పాచి’ అని ఒక చిన్న మాట ఉంది. చెరువు మెట్ల మీద పచ్చగా పేరుకొని కాలు జార్చేది పాచి. హాస్టల్ నీళ్ళ తొట్టి లోపలి గోడకు వేలు రాస్తే జిగటగా తగిలేది పాచి. తెల్లవారి లేచి ఇంకా కడగని నోరు పాచి నోరు. రాతి మీది దానికీ, పంటి మీది దానికీ ఒకే పేరు పెట్టిన మన పెద్దల దగ్గర సూక్ష్మదర్శిని లేదు. అయినా వారు అన్న మాట అక్షరాలా నిజమని గత యాభై ఏళ్ళ పరిశోధనలు తేల్చాయి. తడిగా ఉండే గట్టి తలం ఏదైనా సరే, దాని మీద సూక్ష్మజీవులు ఒంటరిగా బతకవు. తలానికి అతుక్కుంటాయి, ఒకదానికొకటి అతుక్కుంటాయి, చుట్టూ తామే జిగురు పోసుకొని కాపురం పెడతాయి. దీన్ని శాస్త్రజ్ఞులు బయోఫిల్మ్ అంటారు. పంటి మీద ఉంటే దంతవైద్యులు డెంటల్ ప్లాక్ అంటారు. మనం పాచి అనే అందాం.

ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా ఒక పాఠం రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు నేను దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. హాస్టల్లో ఒకరికి జ్వరం వస్తే వార్డెన్ గారికి తెలుస్తుంది, ఆసుపత్రికి తీసుకుపోతారు. గజ్జి వస్తే పక్క పరుపు వాడే గోల చేస్తాడు. పన్ను పుచ్చితే మాత్రం ఎవరికీ తెలియదు. ఆ పిల్లవాడు లవంగం కొరికి, చెంప కింద చెయ్యి పెట్టుకొని రాత్రంతా మేలుకుంటాడు. పదో తరగతి ప్రీఫైనల్ రోజున చెంప ఇంత లావు వాచి, పేపర్ మీద తల వాల్చి కూర్చున్న వాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరిద్దరు ఉంటారని ఈ పేజీ చదువుతున్న పూర్వ విద్యార్థులకు నేను చెప్పనక్కర లేదు. ఇక రెండో కారణం. మనది చెరకు నేల. పంటి పాచికి, చక్కెరకు ఉన్న సంబంధాన్ని అర్థం చేసుకోవడానికి బోధన్ కన్నా మంచి చోటు నాకు కనిపించలేదు. ఆ సంగతి కొంచెం ముందుకు పోయాక వస్తుంది.

రాలని గచ్చు

మన శరీరంలో అన్నింటికన్నా గట్టి పదార్థం ఎముక కాదు, పంటి పైనున్న పింగాణి పొర. బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. అందులో ముఖ్యమైనది కాల్షియం, ఫాస్ఫేటు కలిసిన హైడ్రాక్సీఅపటైట్. ఇంత గట్టిదాన్ని కంటికి కనిపించని జీవులు ఎలా తొలుస్తాయన్నది మొదటి ప్రశ్న. అసలు నోట్లో అన్ని చోట్లా ఉన్న బాక్టీరియాలు పంటి మీదే ఎందుకు అంతగా పేరుకుంటాయన్నది అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న.

జవాబు సులభం. చెంప లోపలి చర్మం, నాలుక మీది చర్మం ఎప్పటికప్పుడు రాలిపోయి కొత్తది వస్తుంటుంది. దాని మీద కూర్చున్న బాక్టీరియాలు దానితో పాటే రాలి, ఉమ్మితో కడుపులోకి పోతాయి. పన్ను అలా రాలదు. అది సిమెంటు గచ్చు లాంటిది. ఒకసారి చోటు దొరికిన వాడిని ఎవరైనా పనిగట్టుకొని తుడిస్తే తప్ప కదిలించేవాడు లేడు.

అయితే చోటు దొరకడం తేలిక కాదు. రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది, మనం మింగుతూనే ఉంటాం. ఒక్క మిల్లీలీటరు లాలాజలంలో సుమారు 10 కోట్ల బాక్టీరియాలు ఉంటాయి. దేన్నీ పట్టుకోని బాక్టీరియా ఆ ప్రవాహంలో కొట్టుకుపోవలసిందే. వర్షాకాలంలో మంజీర వాగు దాటేవాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నట్టు, ఇక్కడ అతుక్కోవడం అంటేనే బతకడం.

మొదట వచ్చేవాళ్ళు

పళ్ళు బాగా తోముకొని పుక్కిలించి ఉమ్మేసిన తర్వాత పన్ను నున్నగా, శుభ్రంగా ఉందనుకుంటాం. కొద్ది నిమిషాల్లోనే దాని మీద కంటికి కనిపించని పలుచని పొర పరుచుకుంటుంది. ఇది బాక్టీరియా కాదు, మన లాలాజలంలోని ప్రోటీన్లే. దీనికి పెల్లికిల్ అని పేరు. ఇది మనకు మేలు చేసేదే, పింగాణిని ఆమ్లం నుంచి కొంత కాపాడుతుంది. కానీ బాక్టీరియాలకు ఇదే తొలిమెట్టు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. లాలాజలంలో ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండే ప్రోటీన్లు కొన్ని ఉన్నాయి. అవి ఉమ్మిలో తేలుతున్నంతసేపు ఆక్టినోమైసిస్ అనే బాక్టీరియా వాటిని పట్టించుకోదు. అదే ప్రోటీను పంటి మీద కూర్చోగానే దాని ఆకారం మారి, లోపల మడతలో దాగి ఉన్న భాగం బయటపడుతుంది. ఆ భాగాన్ని బాక్టీరియా మీది సన్నని నూగు గబుక్కున పట్టుకుంటుంది. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. తేలే ప్రోటీన్‌ను పట్టుకుంటే దానితో పాటే కడుపులోకి పోవాలి. పంటి మీద కుదురుకున్న దాన్ని మాత్రమే పట్టుకుంటే నిలబడవచ్చు.

ఈ తొలి వలసదారుల్లో సగానికి పైగా స్ట్రెప్టోకాకస్ జాతివే. గుండ్రంగా, పూసల దండలా ఉంటాయి. సాంగ్వినిస్, ఒరాలిస్, గోర్డోనియై, మైటిస్ అని వీటికి పేర్లు. వీటివల్ల పెద్ద హాని లేదు. ఆరోగ్యమైన నోట్లోనూ ఇవే ఉంటాయి. చిక్కు వీటి తర్వాత, వీటిని పట్టుకొని వచ్చేవాళ్ళతోనే.

ఎవరికి ఎవరు చుట్టం

1970లో అమెరికాలో గిబ్బన్స్, నైగార్డ్ అనే ఇద్దరు పరిశోధకులు చాలా సాదా ప్రయోగం చేశారు. పాచి నుంచి వేరు చేసి విడివిడిగా పెంచిన రెండు రకాల బాక్టీరియాలను ఒకే గాజు గొట్టంలో కలిపారు. కొన్ని జంటలు కలిపినా నీళ్ళు మునుపటిలాగే మసకగా ఉండిపోయాయి. మరికొన్ని జంటలు మాత్రం కలపగానే పాలు విరిగినట్టు ముద్దలు ముద్దలుగా గడ్డకట్టి అడుగుకు దిగాయి. అంటే ఆ రెండూ ఒకదాన్నొకటి గుర్తుపట్టి పట్టుకున్నాయన్న మాట. దీన్ని కోఅగ్రిగేషన్ అంటారు. సహగుచ్ఛీకరణ అని పెద్ద మాట వాడవచ్చు గానీ, జతకట్టడం అంటే అందరికీ తెలుస్తుంది.

తర్వాత పాల్ కొలెన్‌బ్రాండర్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు అమెరికా ప్రభుత్వ దంత పరిశోధన సంస్థలో ఏళ్ళ తరబడి ఈ జతలను పట్టికలు వేశారు. తేలిందేమంటే, నోటిలో ఉండే బాక్టీరియాల్లో దాదాపు ప్రతిదానికీ ఎవరో ఒక జతగాడు ఉన్నాడు. కానీ ఎవరు పడితే వాళ్ళు కాదు. ఒకదాని ఒంటి మీద చెయ్యి లాంటి ప్రోటీను ఉంటుంది, ఇంకొకదాని ఒంటి మీద ఆ చేతికి సరిగ్గా అందే చక్కెర గొలుసు ఉంటుంది. చాలా జతల్లో ఆ పట్టు గాలక్టోజ్ అనే చక్కెర మీదే. అందుకే ముద్దకట్టిన గొట్టంలో పాలలో ఉండే లాక్టోజ్ చక్కెర కలిపితే, చేతులన్నీ లాక్టోజ్‌తో నిండిపోయి, పట్టు వదిలి ముద్ద విడిపోతుంది. పాలు తాగితే పాచి వదులుతుందా అని మా తరగతిలో ఒక పిల్లవాడు అడిగాడు. మంచి ప్రశ్న. గాజు గొట్టంలో రెండే రకాలు, ఒకే రకం పట్టు. నోట్లో వందల రకాలు, వేర్వేరు పట్లు, పైగా జిగురు. కాబట్టి వదలదు.

మన హాస్టల్ ఉదాహరణే తీసుకోండి. జూన్‌లో కొత్తగా చేరిన పిల్లవాడు ట్రంకు పెట్టె పట్టుకొని హాల్లోకి వచ్చి, ఖాళీగా ఉన్న చోట పెట్టడు. తన ఊరివాడు ఎక్కడున్నాడో చూసి వాడి పక్కన పెడతాడు. వర్నివాడి పక్కన వర్నివాడు, కోటగిరివాడి పక్కన కోటగిరివాడు. రెండూళ్ళలో చుట్టరికం ఉన్నవాడు ఒకడు మధ్యలో ఉంటే, వాడి ద్వారా రెండు గుంపులూ కలుస్తాయి.

పాచిలో అలాంటి ఉభయచుట్టం ఒకటుంది. దాని పేరు ఫ్యూసోబాక్టీరియం న్యూక్లియాటం. రెండు కొనలూ సన్నగా కదురులా పొడవుగా ఉంటుంది. ముందు వచ్చిన స్ట్రెప్టోకాకస్‌లను ఒక చేత్తో పట్టుకుంటుంది. చివర వచ్చే పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్, ట్రెపొనీమా లాంటి, చిగుళ్ళను పాడుచేసే బాక్టీరియాలను ఇంకో చేత్తో పట్టుకుంటుంది. ఆ చివరివాళ్ళలో చాలా వాటికి తొలివాళ్ళతో నేరుగా పరిచయం తక్కువ. మధ్యలో ఈ వంతెన పడ్డాకే అవి పెద్ద ఎత్తున వచ్చి చేరతాయి. పైగా వాటికి ప్రాణవాయువు గిట్టదు. పై పొరల్లో ఉన్నవి ప్రాణవాయువును వాడేసుకుంటే, లోపలి చీకటి గదుల్లో ఇవి హాయిగా బతుకుతాయి.

తిండి విషయంలోనూ ఇంతే. వెయిలొనెల్లా అనే బాక్టీరియా చక్కెరను తినలేదు. స్ట్రెప్టోకాకస్ చక్కెరను తిని వదిలిన లాక్టిక్ ఆమ్లమే దానికి ఆహారం. ఒకరి ఎంగిలి ఇంకొకరికి అన్నం. అందుకే అవి పక్కపక్కనే ఉంటాయి.

2016లో అమెరికాలో జెస్సికా మార్క్ వెల్చ్, గ్యారీ బోరిసీ తదితరులు పాచిలోని ఒక్కొక్క రకానికి ఒక్కొక్క రంగు వెలుగు వచ్చేలా చేసి ఫోటోలు తీశారు. అవి చూస్తే గుంపు అని ఇక అనబుద్ధి కాదు. కొరినెబాక్టీరియం అనే పొడవాటి దారాల బాక్టీరియా మధ్య నుంచి ముళ్ళలా బయటికి చాచి ఉంటుంది. దాని కొనల చుట్టూ స్ట్రెప్టోకాకస్‌లు మొక్కజొన్న కంకికి గింజలు పట్టినట్టు వరుసగా అంటుకొని ఉంటాయి. ఎవరి చోటు వారిదే. ముళ్ళపంది ఆకారమని దానికి పేరు పెట్టారు గానీ, నాకైతే చేనులో విరగకాసిన మక్క కంకులే గుర్తొచ్చాయి.

చెరకు యార్డులో పంటి పాఠం

ఇప్పుడు బోధన్‌కు వద్దాం. నిజాంసాగర్ నీళ్ళు పారాక ఈ ప్రాంతం చెరకుకు ప్రసిద్ధి కెక్కింది. 1937లో నిజాం పాలనలో ఇక్కడ నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైంది. దాని చుట్టూ వెలసిన ఊరికి శక్కర్‌నగర్ అనే పేరే వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్ద చక్కెర కర్మాగారమని చెప్పుకునేవారు. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళి, 2015 డిసెంబరులో మూతపడింది. ఈ సంచిక చదివే వారిలో ఎందరి తండ్రులు, తాతలు అక్కడ కూలీలుగా, సీజన్ కార్మికులుగా, చెరకు నరికేవారిగా పనిచేశారో లెక్క చెప్పలేను.

చెరకు పండించిన ఏ రైతునైనా అడగండి. కోసిన చెరకు 24 గంటల్లోపు గానుగలో పడితేనే మంచిదని చెబుతాడు. ఎడ్లబండి గానీ ట్రాక్టరు గానీ యార్డులో రెండు మూడు రోజులు వరుసలో నిలబడితే తూకం తగ్గుతుంది, రసం చెడుతుంది. తూకం తగ్గడానికి ఎండ కారణం. రసం చెడటానికి ఒక బాక్టీరియా కూడా కారణం. దాని పేరు ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్. నరికిన కొనల్లోంచి, చీలిన గడల్లోంచి ఇది లోపలికి దూరుతుంది. చెరకులోని చక్కెరను డెక్స్‌ట్రాన్ అనే జిగురుగా మార్చేస్తుంది. ఫ్యాక్టరీల వాళ్ళకు ఈ జిగురంటే హడల్. రసం సాగుతుంది, వడపోత నెమ్మదిస్తుంది, గొట్టాల్లో జిగట పేరుకుంటుంది, పంచదార పలుకులు మామూలుగా రాకుండా సూదుల్లా పొడవుగా వస్తాయి. ల్యాబులో చక్కెర శాతం కొలిచే పోలారిమీటరును కూడా ఇది మోసం చేసి, ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. యూరప్‌లో బీట్‌రూట్ చక్కెర మిల్లుల్లో ఇదే బెడద వస్తే, ఫ్రాన్స్‌కు చెందిన వాన్ టీగెమ్ 1878లో ఈ బాక్టీరియాకు పేరు పెట్టాడు.

మన పంటి మీద జరిగేది సరిగ్గా ఇదే. అక్కడ ల్యూకోనోస్టాక్, ఇక్కడ స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్. 1924లో లండన్‌లో క్లార్క్ అనే ఆయన పుచ్చిన పళ్ళ నుంచి దీన్ని వేరు చేశాడు. గుండ్రంగా ఉండవలసినవి కోలగా కనిపించడంతో ఇవి మార్పు చెందిన స్ట్రెప్టోకాకస్‌లనుకొని ఆ పేరు పెట్టాడు.

పంచదార అంటే సుక్రోజ్. ఒక గ్లూకోజ్, ఒక ఫ్రక్టోజ్ చేతులు కలిపితే ఒక సుక్రోజ్. ఆ రెంటినీ కలిపే లంకెలో మంచి శక్తి దాగి ఉంటుంది. మ్యూటాన్స్ బయటికి వదిలే ఒక ఎంజైము ఆ లంకెను తెంపి, అందులోని శక్తితోనే గ్లూకోజ్‌లను ఒకదాని వెనుక ఒకటి గుచ్చి పెద్ద గొలుసు అల్లుతుంది. వేరే ఇంధనం ఖర్చు లేదు. ఆ గొలుసు పేరు గ్లూకాన్. అందులో కొంత డెక్స్‌ట్రాన్ లాంటిది, నీటిలో కరుగుతుంది. మిగిలింది మ్యూటాన్ అనే రకం, నీటిలో కరగదు. అందుకే ఎన్నిసార్లు పుక్కిలించినా పాచి పోదు. మిగిలిపోయిన ఫ్రక్టోజ్‌ను బాక్టీరియా తిని ఆమ్లంగా మారుస్తుంది. ఒకే పదార్థం నుంచి ఇల్లు కట్టే సున్నమూ, వండుకునే బియ్యమూ రెండూ దొరికినట్టు.

అన్నం, రొట్టె నుంచి ఈ జిగురు తయారు కాదు. విడి గ్లూకోజ్ నుంచి కూడా కాదు. వాటి నుంచి ఆమ్లం రావచ్చు గానీ జిగురు రాదు. ఆ వరం సుక్రోజ్‌కే ఉంది. ఇక్కడే మన ఊళ్ళలో ఒక వాదన వస్తుంది: పంచదార చెడ్డది, బెల్లం మంచిది అని. బెల్లంలో ఇనుము వంటివి కొంత ఉన్న మాట నిజమే. కానీ బెల్లంలో అధిక భాగం సుక్రోజే. మ్యూటాన్స్ రంగు చూసి తినదు. చెరకు గడ నమిలితే పళ్ళు శుభ్రమవుతాయన్న మాటలోనూ సగమే నిజం. పీచు వల్ల లాలాజలం బాగా ఊరుతుంది, అది మంచిదే. కానీ ఆ రసం నిండా ఉన్నది సుక్రోజే కదా. గడ తిన్నాక నీళ్ళతో బాగా పుక్కిలిస్తే సరి. చెరకు నమిలి ఉమ్మేసేదీ పిప్పే, పుచ్చిన పన్నూ పిప్పి పన్నే. మన భాష మళ్ళీ ఏదో తెలిసే అన్నట్టుంది.

చక్కెర మిల్లుల్లో డెక్స్‌ట్రాన్‌ను కోసేందుకు డెక్స్‌ట్రనేజ్ అనే ఎంజైము వాడతారు. దీన్నే నోట్లో పోసి పుక్కిలిస్తే పాచి కరిగిపోదా అని 1960ల చివర్లో పరిశోధకులు ఆశపడ్డారు. చిట్టెలుకల జాతికి చెందిన హామ్‌స్టర్లలో బాగానే పనిచేసింది. మనుషుల్లో నిరాశే మిగిలింది. మ్యూటాన్ లంకె వేరు, ఈ కత్తెర దాన్ని కత్తిరించలేదు.

పన్ను ఎలా కరుగుతుంది

పాచి లోపల లాక్టిక్ ఆమ్లం పుడుతుంది. జిగురు ఉన్నందువల్ల అది లాలాజలంలోకి త్వరగా వెళ్ళిపోదు, పంటి మీదే నిలుస్తుంది. 1940లలో స్టీఫన్ అనే శాస్త్రజ్ఞుడు చక్కెర నీళ్ళు పుక్కిలించిన వారి పాచిలో ఆమ్లత్వాన్ని కొలిచాడు. కొద్ది నిమిషాల్లోనే పి.హెచ్. విలువ గబగబా పడిపోయింది. తిరిగి మామూలు స్థితికి రావడానికి అరగంట నుంచి గంట పట్టింది. సుమారు 5.5 కన్నా తగ్గితే పింగాణిలోని ఖనిజం కరగడం మొదలవుతుంది. పి.హెచ్. మళ్ళీ పెరిగాక లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు వెనక్కి వచ్చి ఆ గుంటలను పూడుస్తాయి. రోజంతా ఈ కరగడం, పూడటం జరుగుతూనే ఉంటాయి. కరిగేది పూడేదానికన్నా ఎక్కువైతే పన్ను పుచ్చుతుంది.

కాబట్టి ఎంత చక్కెర తిన్నామన్నదాని కన్నా ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యం. భోజనంతో పాటు ఒక లడ్డు తింటే ఒకసారే ఆమ్లం. జేబులో చాక్లెట్లు పెట్టుకొని స్టడీ అవర్‌లో గంటకొకటి చప్పరిస్తే ఆ పూటంతా ఆమ్లమే. సాయంత్రం పూట ఇచ్చే గుడాలు పంటికి ఎంతో మేలు. ఉడికిన శనగలు, బొబ్బర్లు జిగురు కట్టవు. బడి గేటు ముందు అమ్మే రంగు ఐసు, బిస్కెట్లు, తీపి సోడా వేరే లెక్క.

ఈ సంగతి రుజువైన తీరు తెలుసుకుంటే మనసు చివుక్కుమంటుంది. స్వీడన్‌లో వైపెహోల్మ్ అనే ఆశ్రమం ఉండేది. మానసిక వికలాంగులను అక్కడ ఉంచేవారు. 1947 నుంచి కొంతకాలం పాటు వారికి పళ్ళకు అతుక్కునే టాఫీలు, కొందరికి రోజుకు 24 దాకా, భోజనాల మధ్య తినిపించి పళ్ళు ఎలా పుచ్చుతాయో చూశారు. వారి అనుమతి ఎవరూ అడగలేదు. 1954లో ఫలితాలు ప్రచురించారు. నేటికీ ప్రపంచమంతా దంతవైద్య పాఠ్యపుస్తకాల్లో ఆ ఫలితం ఉంది. ఒక సంస్థ పెట్టిన తిండి తిని పెరిగిన మనం, ఆ పేరు తెలియని వాళ్ళ పళ్ళ మీద నేర్చుకున్న పాఠమిది అని తెలిసి చదవడం మంచిది.

ఇక పంటిలో పురుగు అనే నమ్మకం. జాతరల్లో, సంతల్లో గింజల పొగ పట్టి పంటిలోంచి పురుగులు రాల్చి చూపేవారిని పెద్దలు చూసే ఉంటారు. యూరప్‌లోనూ ఇదే వైద్యం సాగింది. అక్కడ పురుగులని చూపినవి పొగకు వేసిన గింజల్లోంచి చిట్లి వచ్చిన మొలకలే. 1728లోనే ఫ్రెంచి దంతవైద్యుడు పియేర్ ఫౌషార్ పంటి పురుగు కట్టుకథ అన్నాడు. లవంగం మాత్రం కట్టుకథ కాదు. అందులోని యూజెనాల్ నరాన్ని మొద్దుబార్చి నొప్పిని తగ్గిస్తుంది. అయితే పుచ్చడాన్ని ఆపదు. నొప్పి తగ్గింది కదా అని ఊరుకుంటే పుచ్చు లోపలి నరం దాకా పోతుంది. మొదట్లో చిన్న ఫిల్లింగుతో అయ్యే పని, తర్వాత రూట్ కెనాల్ అవుతుంది, ఆ ఖర్చు భరించలేక మనవాళ్ళు పన్నే పీకించుకుంటారు. ఇరవై ఏళ్ళకే నాలుగు దవడ పళ్ళు లేనివారు నా బ్యాచ్‌లోనే ఉన్నారు.

చిగుళ్ళ సంగతి

పాచిని అలాగే వదిలేస్తే ఏమవుతుందో 1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లో అనే ఆచార్యుడు 12 మంది ఆరోగ్యవంతుల్లో చూశారు. వాళ్ళలో ఎక్కువమంది విద్యార్థులే. వారు పళ్ళు తోమడం పూర్తిగా మానేశారు. 10 నుంచి 21 రోజుల్లోపు అందరికీ చిగుళ్ళు ఎర్రబడి వాచాయి. తిరిగి తోమడం మొదలు పెట్టిన సుమారు వారంలోనే మామూలయ్యాయి. ఇందులో మనకు పనికొచ్చే మాట ఒకటుంది. తోముతుంటే చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని చాలామంది ఆ చోట తోమడం మానేస్తారు. చేయవలసింది దానికి సరిగ్గా విరుద్ధం. మెత్తని బ్రష్‌తో అక్కడే జాగ్రత్తగా తోమాలి. వారం పది రోజులైనా ఆగకపోతే వైద్యుడికి చూపాలి.

తోమని పాచిలోకి లాలాజలంలోని ఖనిజాలు చేరి అది రాయిలా గట్టిపడుతుంది. అదే గార. కొద్ది రోజుల్లోనే మొదలవుతుంది. ఒకసారి గార కట్టాక ఏ బ్రష్షూ దాన్ని తీయలేదు, వైద్యుడే తీయాలి. గార తీయిస్తే పళ్ళు వదులవుతాయన్న భయం మన వైపు చాలా ఉంది. వదులు చేసింది గార. దాన్ని తీశాక ఆ వదులు బయటపడుతుంది, అంతే.

బీడీలు చుట్టే ఇళ్ళు నిజామాబాద్ జిల్లాలో ఎన్ని ఉన్నాయో మనకు తెలుసు. పొగాకు తాగేవారికి, నమిలేవారికి చిగుళ్ళ జబ్బు ఎక్కువ. కానీ పొగ తాగేవారి చిగుళ్ళలో రక్తనాళాలు కుంచించుకుపోయి రక్తం తక్కువగా కారుతుంది. దాంతో జబ్బు ముదిరేదాకా బయటపడదు. పొగాకు కలిపిన పళ్ళపొడులను మన దేశంలో 1992లోనే నిషేధించారు.

తోమడం గురించి కొంచెం

1683లో హాలెండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో లీవెన్‌హుక్ అనే బట్టల వర్తకుడు తన పళ్ళ మధ్య పాచిని గీకి, తాను తయారు చేసుకున్న కటకం కింద పెట్టి చూసి, అందులో కదలాడే జీవుల గురించి లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. పాచిని గీకి వెనిగర్‌లో కలిపితే ఆ జీవులు చచ్చాయి. అదే వెనిగర్‌ను నోట్లో పోసుకుంటే పైపైన ఉన్నవే చచ్చాయి, లోపలివి బతికాయి. మౌత్‌వాష్ ప్రకటనలకు జవాబు మూడు వందల ఏళ్ళ క్రితమే దొరికిందన్న మాట. జిగురు లోపలికి మందు దిగదు. గీకడం, తోమడం తప్ప దారి లేదు.

వేప పుల్ల, కానుగ పుల్ల మంచివే. కొన బాగా నమిలి కుంచెలా చేసుకోవాలి. పళ్ళ లోపలి వైపుకు పుల్ల అందదు, అక్కడే గార ఎక్కువ కడుతుంది. ఇటుక పొడి, బొగ్గు, ఇసుక వద్దు. అవి పాచితో పాటు పింగాణినీ అరగదీస్తాయి. ఒకరి బ్రష్ ఒకరు వాడుకోవడం హాస్టళ్ళలో ఉన్న అలవాటే, రక్తంతో వచ్చే జబ్బులు దాని ద్వారా అంటే ప్రమాదం ఉంది. పొద్దున్న రెండు కుళాయిల దగ్గర వంద మంది నిలబడినప్పుడు రెండు నిమిషాలు తోమడం కుదరదన్నది నిజం. అలాంటప్పుడు రాత్రి పూటను పట్టుకోండి. రాత్రి కుళాయి ఖాళీగా ఉంటుంది. నిద్రలో లాలాజలం దాదాపు ఊరదు, పాచికి అడ్డు ఉండదు. ఒక్కపూటే తోమగలిగితే రాత్రి తోమడమే మేలని నా అభిప్రాయం.

పేస్టులో ఫ్లోరైడ్ ఉందో లేదో చూసుకోండి. చాలా పేస్టుల్లో పది లక్షల పాళ్ళలో 1000 పాళ్ళ దాకా ఉంటుంది. కరిగిన పింగాణి తిరిగి పూడేటప్పుడు ఫ్లోరైడ్ తోడైతే కొత్త ఖనిజం పాతదానికన్నా గట్టిగా ఉంటుంది. ఫ్లోరైడ్ అనగానే నల్గొండ గుర్తొచ్చి భయపడతాం. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట వివరించింది 1937లో, ఆనాటి నెల్లూరు జిల్లాలో. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించి, ఏళ్ళ తరబడి ఒంట్లోకి పోతే పళ్ళు మచ్చలు పడతాయి, ఎముకలు వంగుతాయి. పేస్టు మింగేది కాదు, తోమి ఉమ్మేసేది. చిన్న పిల్లలకు బఠాణీ గింజంత చాలు.

అప్పుడప్పుడు దంత శిబిరాలు వస్తుంటాయి. ఒకచోట నేను చూసిన శిబిరంలో పేస్టులు పంచి, ఫోటో దిగి వెళ్ళిపోయారు. ఎవరి ఏ పన్ను పుచ్చిందో రాసిన కాగితం ఒక్కటీ మిగలలేదు. శిబిరం వస్తే పిల్లలే అడగాలి: నా పళ్ళు చూసి, ఏది బాగుచేయాలో రాసివ్వండి అని. పూర్వ విద్యార్థులు ఏడాదికొకసారి ఆ కాగితాలు పట్టుకొని పిల్లలను నిజామాబాద్ ప్రభుత్వ ఆసుపత్రి దంత విభాగానికి తీసుకువెళ్తే, క్రికెట్ కిట్టు కొనిచ్చినదానికన్నా ఎక్కువ పని జరుగుతుంది. కిట్టు వద్దని కాదు.

చివరిగా పిల్లలకు ఒక ప్రయోగం. డబ్బా మీద ఎరిత్రోసిన్ అని రాసి ఉన్న తినే ఎరుపు రంగు కొనండి. పావు గ్లాసు నీళ్ళలో చిటికెడు కలపండి. ఎప్పటిలాగే పళ్ళు తోముకొని, ఆ నీళ్ళతో అర నిమిషం పుక్కిలించి ఉమ్మండి. తర్వాత మామూలు నీళ్ళతో ఒకసారి పుక్కిలించి, వెలుతురులో అద్దం పట్టుకొని చూడండి. శుభ్రమైన పింగాణి మీద రంగు నిలవదు, పాచి ఉన్నచోట ఎర్రగా నిలుస్తుంది. చిగురు అంచున, పన్నుకూ పన్నుకూ మధ్య, కింది ముందు పళ్ళ లోపలి వైపు, పై దవడ చివరి పళ్ళ చెంప వైపు ముఖ్యంగా చూడండి. కుడిచేత్తో తోమేవారికి కుడి వైపే ఎక్కువ ఎరుపు మిగలవచ్చు, చెయ్యి తిరగదు కాబట్టి. ఎరుపు పోయేదాకా తోమి మళ్ళీ చూడండి. నాలుక మీది ఎరుపు ఒక పూట ఉంటుంది, కంగారు పడకండి. తెల్ల చొక్కా వేసుకొని మాత్రం చేయకండి.